ఆశమ్మ పెనిమిటి పేరు

చరిత్ర అంటే రాజులది కాదు, మామూలు మనిషిది అని మా ప్రహ్లాద్ గారు రోజుకు నాలుగుసార్లైనా అనేవారు. ఆఫీసుకు టీ వచ్చేది కూడా నాలుగుసార్లే కాబట్టి ఆ లెక్క నాకు గుర్తుంది. టీ తెచ్చే మనిషి పేరేమిటో మాత్రం ఆయన ఒక్కసారి అడగలేదు. మాట ఆపకుండా గ్లాసు కోసం చెయ్యి చాపేవారు, గ్లాసు చేతిలోకి వచ్చేది, చరిత్ర ముందుకు సాగేది.

అది 1997. స్వాతంత్ర్యం వచ్చి యాభై ఏళ్లయిందని ఊరూరా పండుగలు చేస్తున్నారు. ఈ యాభై ఏళ్లలో బీదాబిక్కీ ఏం చూశారో వాళ్ల నోటనే చెప్పించి రాయాలని ఢిల్లీలో ఎవరికో బుద్ధి పుట్టింది. బుద్ధి మంచిదే. అది గ్రాంటు రూపంలో చిక్కడపల్లి దాకా దిగి వచ్చేసరికి ప్రహ్లాద్ గారి చేతిలో పడింది. ఆయన కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరైన మనిషి. మెయిన్ రోడ్డు వెనక గల్లీలో ఒక మేడ మీద రెండు గదులు కిరాయికి తీసుకుని, మెట్ల దగ్గర ‘జనం నోట చరిత్ర’ అని బోర్డు కట్టించారు. ఆ మెట్లు ఎంత ఇరుకంటే జనం ఒకరి వెనక ఒకరు పక్కకు తిరిగి ఎక్కాలి. పేరు గొప్ప, ఊరు దిబ్బ.

ప్రశ్నలు అడగడానికి జయశ్రీ అనే అమ్మాయి ఉండేది. అశోక్‌నగర్ పిల్ల, ఎం.ఫిల్. చేస్తోంది, ఎవరు ఏం చెప్పినా తల ఒక పక్కకు వాల్చి బాధగా వింటుంది. టేపురికార్డరు అంటే ఆ అమ్మాయికి భయం. అందుకని మీటలు నొక్కడానికి, ఆ తర్వాత క్యాసెట్టులోని మాటలు కాగితం మీదికి ఎక్కించడానికి నన్ను పెట్టుకున్నారు. నా పేరు ఉదయ్ కుమార్. మూడుసార్లు గ్రూప్స్ రాసి మూడుసార్లూ తప్పినవాణ్ని. లైబ్రరీ కుర్చీలో అన్నేళ్లు కూర్చున్నందుకు నాకు ఉద్యోగం రాలేదు గానీ, ఎవరిని చూసినా వీడికంటే నాకే ఎక్కువ తెలుసు అనుకునే జబ్బు వచ్చింది. ప్రహ్లాద్ గారిని చూసి నవ్వుకునేవాణ్ని, జయశ్రీని చూసి నవ్వుకునేవాణ్ని. వాళ్లు ఇచ్చిన జీతం తీసుకునేవాణ్ని.

మౌఖిక చరిత్ర అంటే ఏమిటో ప్రహ్లాద్ గారు చెప్తుంటే ఎవరైనా చెవులప్పగించాల్సిందే. కాగితం మీద లేనిది మనిషి నోట్లో ఉంటుంది. అది ఎవరు ఎలా చెప్పారో అలాగే పట్టుకోవాలి. వాళ్లు ఆగిన చోట మనమూ ఆగాలి, ఎందుకు ఆగారో ఆలోచించాలి. ఈ మాటల్లో ఒక్కటి కూడా తప్పు లేదు. నాకు ఈరోజుకీ అవి నిజమనే అనిపిస్తుంది. అయితే నా టేబులు అద్దం కింద ఆయనే టైపు చేయించి పెట్టిన కాగితం ఇంకొకటి ఉండేది, పని నడిచేది దాని ప్రకారం. మాట్లాడే మనిషి మాటలు మాత్రమే రాయాలి. ప్రశ్నలు తీసేయాలి. పక్కవాళ్లెవరైనా మధ్యలో మాట్లాడితే అది చప్పుడు కింద లెక్క, కొట్టేయాలి. ఆగిన చోట్లు కలిపేయాలి. రాసింది సరిచూశాక క్యాసెట్టు చెరిపి మళ్లీ వాడాలి, ఎందుకంటే మంచి క్యాసెట్లు పిరం. ఇన్ని తీసేశాక మిగిలినదాన్ని ఆయన జనం గొంతు అనేవారు.

భవన నిర్మాణ కార్మికురాలు ఒకామె పుస్తకంలో ఉండాలని ఏప్రిల్‌లో ఆయనకు తట్టింది. జయశ్రీ వాళ్లింటి వెనకే ఒక పాత బంగళా పడగొట్టి అపార్ట్‌మెంటు లేపుతున్నారు. ఆ అమ్మాయి గోడ మీంచి తొంగిచూసి ఒకామెను అడిగింది. ఆమే ఆశమ్మ. ముప్పై దాటి ఉంటుంది, ఎండకు ఎండి నలభై అనిపిస్తుంది. నేను చెప్పినదానితో మీకేం పని అని ఆశమ్మ అడిగిందట. పుస్తకం వేస్తాం, అందరూ చదువుతారు అని జయశ్రీ చెప్పిందట. ఆశమ్మ తట్ట దించి కాసేపు ఆలోచించి ఒక షరతు పెట్టింది. తన పెనిమిటి పేరు ఆ బుక్కులో అచ్చుపడాలి. అదొక్కటి చేస్తామంటే వస్తానంది. దానిదేముంది, పడుతుందని జయశ్రీ మాటిచ్చింది. మా ఆఫీసులో మాటకు కొరత లేదు కదా.

ఆదివారం పొద్దున ఆశమ్మ వచ్చింది, వెంట తన ఆడబిడ్డ కురుమమ్మను తీసుకొచ్చింది. కురుమమ్మ పెద్ద మనిషి, పెద్ద గొంతు. మెట్లు ఎక్కుతుండగానే కింది వాటావాళ్లు బయటకొచ్చి చూశారు. ముందు ఒక కాగితం మీద ఆశమ్మ వేలిముద్ర తీసుకున్నాం. నేను చెప్పేదంతా మీ ఇష్టం వచ్చినట్టు వాడుకోవచ్చు అని దాని సారాంశం. అదేమిటో ఆమెకు ఎవరూ చదివి చెప్పలేదు. వేలికి అంటిన సిరా చీర కొంగుకు తుడుచుకుని ఆమె కుర్చీ అంచున కూర్చుంది. నేను మీట నొక్కాను.

ఆశమ్మది మక్తల్ దగ్గర పల్లె. ఎకరన్నర చెలక, వాన పడితే జొన్న, పడకపోతే హైదరాబాద్. పదమూడో ఏట పెళ్లయింది. కాపురానికి వచ్చిన మూడో ఏడు బుగ్గయ్య మేస్త్రీ జట్టులో మొగుడూ పెళ్లామూ బస్సెక్కారు. అప్పటి నుంచి ఆమె సొంతిల్లు ఎప్పుడూ కడుతున్న ఇల్లే. మొదట పునాది పక్కన ప్లాస్టిక్ పట్టా కప్పుకుని ఉంటారు. మొదటి స్లాబు పడ్డాక దాని కిందికి మారతారు. తలుపులు బిగించే రోజు మూటలు నెత్తికెత్తుకుని ఇంకో పునాది దగ్గరికి పోతారు. చిక్కడపల్లి, అశోక్‌నగర్, గాంధీనగర్, అడిక్‌మెట్ అన్నీ అట్లా తిరిగింది.

“తొమ్మిది అపార్ట్‌మెంట్లల్ల ఉన్న అమ్మా,” అంది ఆశమ్మ, కొంచెం గర్వంగానే. “గృహప్రవేశం అయ్యేదాక మాదే ఇల్లు.”

అది ఏ సంవత్సరం, ఇది ఏ సంవత్సరం అని జయశ్రీ అడిగితే ఆశమ్మకు సంవత్సరాలు తెలియవు. ఫలానా బిల్డింగుకు మూడో స్లాబు పడ్డప్పుడు, ఫలానా దానికి నీళ్ల ట్యాంకు కట్టినప్పుడు అని చెప్పింది. ఆమె క్యాలెండరు అది, మనదానికంటే గట్టిది, ఈరోజుకీ పోయి చేత్తో తట్టి చూడొచ్చు. నేను రాసినప్పుడు అవన్నీ రాశాను. ప్రహ్లాద్ గారు కొట్టేసి ‘సుమారు 1990’ అని పెట్టారు. గాంధీనగర్‌లో ఒక అపార్ట్‌మెంటుకు సిమెంటు తక్కువ కలిపారని, మూడో అంతస్తులో ఉండేవాళ్లను జర మెల్లగా నడవమనాలని కూడా ఆమె చెప్పింది. ఆ మూడో అంతస్తులో ప్రహ్లాద్ గారి వియ్యంకుడు ఉంటాడు. ఆ వాక్యమూ పుస్తకంలో లేదు.

తర్వాత ఆమె మొగుడి సంగతికి వచ్చింది. సెంట్రింగు పని చేసేవాడు. అశోక్‌నగర్‌లోనే, మూడేళ్ల కింద, నాలుగో స్లాబుకు చెక్కలు విప్పుతుండగా కర్ర జారి కిందపడ్డాడు. ఆమె అప్పుడు కింద ఇసుక జల్లెడ పడుతోంది. ఇంతవరకు చెప్పి ఆగింది. క్యాసెట్టు తిరుగుతోంది, బయట గల్లీలో ఉల్లిగడ్డల బండి అరుపు దాంట్లోకి ఎక్కుతోంది. జయశ్రీ తల పక్కకు వాల్చి, ఆ క్షణంలో మీకు ఏమనిపించింది అని అడిగింది. ఎద్దు పుండు కాకికి ముద్దా.

“ఇసుక పట్టుడు ఆపిన,” అంది ఆశమ్మ.

నేను విన్న వందల గంటల మాటల్లో అంతకు మించిన జవాబు లేదు. పుస్తకంలో నూట పద్దెనిమిదో పేజీలో మీరు చూస్తే అక్కడ ‘నా ప్రపంచం కూలిపోయింది’ అని ఉంటుంది. అది ప్రహ్లాద్ గారి ప్రపంచం.

అసలు సంగతి ఆ తర్వాత వచ్చింది. అతను పడగానే బుగ్గయ్య మేస్త్రీ పోలీసు కేసుకు భయపడి జట్టునంతా తోలుకుని మాయమయ్యాడు. కురుమమ్మ అప్పుడు ఊళ్లో ఉంది. ఆసుపత్రిలో శవం పక్కన ఆశమ్మ ఒక్కతే. పోలీసాయన వచ్చి చచ్చిపోయినవాడి పేరేమిటని అడిగాడు. పెనిమిటి పేరు నోటితో అనకూడదు. పెళ్లినాడు గడప దగ్గర ఇదే కురుమమ్మ అడ్డం నిలబడి, పేరు చెప్తే గాని లోపలికి రానియ్యనంటే, తలవంచుకుని ఒక్కసారి అంది. మళ్లీ ఎన్నడూ అనలేదు. పోలీసాయనకు సైగలతో చెప్పబోయింది, ఫలానా దేవుడు, ఫలానా గుట్ట అని. అతనికి అంత తీరిక ఎక్కడిది. కాగితంలో ‘పేరు తెలియని మగ మనిషి’ అని రాసుకుని పోయాడు.

“నేను అనకనే ఆయన పేరు లేకుండ పోయిండు,” అంది ఆశమ్మ. “ఊర్ల నా బిడ్డ ఉంది. అనిత అంటరు. ఆయన పోయిననాడు చంకల పిల్ల, ఇప్పుడు బడికి పోతుంది. రేపు సదువొస్తె గా కాయితం సూస్తదేమో. దాంట్ల లేని పేరు మీ బుక్కులన్న ఉండాలె.”

ఆయన ఇప్పుడు లేరు కదా, ఇప్పుడు చెప్తే ఏమవుతుంది అని జయశ్రీ మెల్లగా అడిగింది. ఆశమ్మ ఆ అమ్మాయిని జాలిగా చూసింది.

“ఉన్నప్పుడు అనలే. పోయినంక అంటే, ఎప్పుడు పోతడా అని సూసినట్లు గాదా అమ్మా?”

అందుకే ఆమె వెంట కురుమమ్మ వచ్చింది. చేసే పని ఒక్కటే, ఆ ఒక్క మాట చెప్పడం. ఆశమ్మ ఆమె వైపు తల తిప్పింది. కురుమమ్మ ముందుకు వంగి, టేపురికార్డరుకు చెవుడు ఉందేమోనన్నట్టు, తమ్ముడి పేరు, తండ్రి పేరు, ఊరి పేరు గట్టిగా చెప్పింది. రికార్డరులో ముల్లు ఎర్ర గీత దాటి కొట్టుకుంది. ఆశమ్మ కళ్లు మూసుకుని ఆ పేరు విన్నది. పోయేటప్పుడు నా దగ్గర ఆగి, పడ్డదా సార్ అని అడిగింది. పడ్డదమ్మా అన్నాను.

సోమవారం నేను ఆ క్యాసెట్టు పెట్టుకుని రాయడం మొదలుపెట్టాను. కురుమమ్మ గొంతు వచ్చిన చోట పెన్ను ఆపి టేబులు అద్దం కింది కాగితం చూశాను. పక్కవాళ్ల మాట చప్పుడు. కొట్టేయాలి. కొట్టేశాను. మనసు ఏమీ అడ్డుపడలేదు. మధ్యాహ్నం అన్నానికి ఇంటికి పోయాను కూడా.

మా అమ్మ కూడా మా నాన్న పేరు ఎత్తదు. రేషను షాపులో అడిగితే నన్ను ముందుకు తోసి, చెప్పురా అంటుంది. ప్రహ్లాద్ గారి భార్య ఆయన్ను పిలవాలంటే పక్కగదిలోంచి గాజులు గలగలమనిపిస్తుంది. మాకెవరికీ ఈ ఆచారం కొత్త కాదు. అయినా పుస్తకంలో ఆ నూట పద్దెనిమిదో పేజీ కింద చిన్న అక్షరాల్లో ఆయన ఇట్లా రాశారు: ‘ఎంత అడిగినా ఈమె భర్త పేరు చెప్పడానికి నిరాకరించింది. అట్టడుగు స్త్రీలలో పాతుకుపోయిన మౌనానికి ఇది ఉదాహరణ.’ ఆ ప్రూఫు నారాయణగూడలో డీటీపీ షాపు బల్ల మీద కూర్చుని నేనే దిద్దాను. ‘నిరాకరించింది’లో ఒక దీర్ఘం ఎక్కువ పడితే తీసేశాను. దేన్ని దిద్దాలో అంత బాగా తెలిసినవాణ్ని.

నవంబరులో నారాయణగూడలో ఒక హాలు తీసుకుని పుస్తకం ఆవిష్కరించారు. స్టేజీ వెనక గుడ్డ మీద ప్రహ్లాద్ గారి పేరు పెద్దగా, పుస్తకం పేరు కొంచెం చిన్నగా ఉంది. పుస్తకంలో మాట్లాడినవాళ్లలో అయిదుగురిని పిలిచి స్టేజీ కింద ముందు వరుసలో కూర్చోబెట్టారు. మామూలు మనిషి ముందు వరుస దాకా రావచ్చు, మెట్లెక్కకూడదు. ఆశమ్మ ఉతికిన చీర కట్టుకుని ఒక్కతే వచ్చింది. కురుమమ్మ ఇంకో జట్టుతో బొంబాయి పోయిందట. సభలో నలుగురు పెద్దలు మాట్లాడారు. వినడం ఎంత గొప్ప కళో ఒక్కొక్కరు అరగంట చొప్పున చెప్పారు. ఎవరూ ఎవరి మాటా వినలేదు.

చివర అయిదుగురికీ తలా ఒక శాలువా, ఒక పుస్తకం ఇచ్చారు. ఆశమ్మ శాలువా పక్కన పెట్టి, పుస్తకం జయశ్రీ ముందు పట్టి, పేరు ఎక్కడ పడ్డదో చూపించమంది. జయశ్రీ పేజీలు తిప్పింది. ముందుకు తిప్పింది, వెనక్కి తిప్పింది. ఆమె ముఖం పాలిపోతుంటే నాకు అర్థమైంది. ప్రహ్లాద్ గారు మైకు పట్టుకునే కిందికి వంగి ఏమైందని అడిగారు. భర్త పేరు లేదు సార్ అని జయశ్రీ అంది.

ఆయన ఏ మాత్రం తొట్రుపడలేదు. “ఇప్పుడు చెప్పమ్మా, ఏం పర్వా లేదు,” అని మైకు ఆమె ముఖం ముందుకు చాపారు. “రెండో ముద్రణల ఏసేద్దం. నీ నోటితోనే చెప్పు.”

హాలంతా చూస్తోంది. ఫొటో తీసే ఆయన ముందుకొచ్చి మోకాలి మీద కూర్చున్నాడు. ఆశమ్మ మైకు వైపు చూడలేదు. చుట్టూ చూసి, గోడ పక్కన నిలబడ్డ నన్ను పట్టుకుంది.

“గా సార్‌కు ఎరుకే,” అంది. “మా వదిన చెప్పింది. పడ్డదన్నడు.”

అందరూ నా వైపు తిరిగారు. నేను నోరు తెరిచాను. ఆ పేరు నాకు గుర్తు లేదు. నా ముందు కూర్చుని చెప్పారు, చెవిలో పెట్టుకుని మళ్లీ విన్నాను, నా చేత్తో కొట్టేశాను. ఒక్క అక్షరం మిగల్లేదు. మా ఇంట్లో తద్దినాలప్పుడు మూడు తరాల పేర్లు తడబడకుండా చదువుతాను. నాకు గుర్తు లేదు అని ఒక్క మాట అంటే సరిపోయేది. మరచిపోయాను, నేనే తీసేశాను, తప్పు నాది అంటే సరిపోయేది. దొంగకు తేలు కుట్టినట్టయి, “టేపులో సరిగ్గా వినబడలేదండీ” అన్నాను.

ప్రహ్లాద్ గారు తల ఊపి, యంత్రాలకు ఉండే పరిమితుల గురించి రెండు మాటలు చెప్పి, వందన సమర్పణకు పిలిచారు. ఆశమ్మ నన్ను ఒక చూపు చూసింది. పుస్తకం కుర్చీలో పెట్టి బయటికి పోయింది. శాలువా కూడా అక్కడే ఉంది. దాన్ని ఎవరో మడతపెట్టి మళ్లీ ఆఫీసుకు తెచ్చారు, ఇంకో సభకు పనికొస్తుందని.

మర్నాడు ఆ క్యాసెట్టు వెతికాను. దొరికింది. చీటీ మీద ఆశమ్మ పేరు కొట్టేసి ఉంది. పెట్టి వింటే ప్రహ్లాద్ గారి గొంతు. హిమాయత్‌నగర్‌లో ఏదో క్లబ్బులో ఆయన చేసిన ప్రసంగం. సామాన్యుల గొంతులను ఎందుకు భద్రపరచుకోవాలి అని విషయం. అటువైపంతా అదే, ఇటువైపంతా అదే. ప్రసంగం అయిపోయి చప్పట్లు ఆగిపోయిన తర్వాత, రీలు చివర, కాస్త పాత టేపు మిగిలింది. జర నీళ్లిస్తవా బిడ్డా అని కురుమమ్మ అడగడం, మంచినీళ్ల గ్లాసు చప్పుడు, అంతే.

ఆ చప్పుడు మూడుసార్లు విన్నాను. నా మీద నాకు పుట్టిన అసహ్యం అంతకు ముందు ఎవరి మీదా పుట్టలేదు. తిలాపాపం తలా పిడికెడు అంటారు గానీ, అందరి పిడికిళ్లూ కలిపినా నాదే పెద్దది. మిగతావాళ్లకు వినపడలేదు. నేను విన్నాను.

నారాయణగూడ చౌరస్తా దగ్గర పొద్దున్నే కూలీలు నిలబడే అడ్డాకు నాలుగు రోజులు తిరిగాను. నాలుగో రోజు బుగ్గయ్య మేస్త్రీ దొరికాడు. ఎవరు సార్, ఆ నాలుగో స్లాబు మీంచి పడ్డోడా అన్నాడు. అతనికీ మొదట అంతే గుర్తుంది. బీడీ ముట్టించి, తల గోక్కుని, ఇంకో ఇద్దరిని పిలిచి అడిగి, చివరికి పేరు చెప్పాడు. నేను అరచేతిలో రాసుకున్నాను, చొక్కా జేబులో చీటీ మీద ఇంకోసారి రాసుకున్నాను. నా బుర్ర మీద నాకు నమ్మకం పోయింది.

ఆఫీసులో పుస్తకాలు కట్టలు కట్టలుగా గోడకు పేర్చి ఉన్నాయి. కొనేవాళ్లు ఎవరున్నారు. ప్రహ్లాద్ గారు రెండు రోజులు అడిక్‌మెట్ అవతల యూనివర్సిటీలో ఏదో సదస్సుకు పోయారు. ఆ రెండు రోజులూ కూర్చుని, ప్రతి పుస్తకంలో నూట పద్దెనిమిదో పేజీ తీసి, కింద ఉన్న ఆయన చిన్న అక్షరాలు కొట్టేసి, సిరా పెన్నుతో అతని పేరు రాశాను. ఆయన తిరిగొచ్చి చూసి అరవలేదు. గ్రాంటు ఇచ్చినవాళ్లకు పోవలసిన పుస్తకాలు పాడు చేశావన్నారు. రేపటి నుంచి రావద్దన్నారు. నాకు అప్పుడు గొప్ప త్యాగం చేసినట్టు అనిపించింది. ఛాతీ విరుచుకుని, ఒక పుస్తకం చంకన పెట్టుకుని, ఆ సాయంత్రమే అశోక్‌నగర్ పోయాను.

జయశ్రీ వాళ్లింటి వెనక అపార్ట్‌మెంటు అప్పటికి అయిదో స్లాబు దాకా లేచింది. ఆశమ్మ కింద సిమెంటు మాలు కలుపుతోంది. నన్ను చూసి పార ఆపలేదు. పేరు రాసి తెచ్చానమ్మా అన్నాను. అప్పుడు పార పక్కన పెట్టి వచ్చింది. చదవమంది. చదివాను. మళ్లీ చదవమంది. మళ్లీ చదివాను. ఆ పేరు వింటున్నప్పుడు ఆమె ముఖం ఆ రోజు కురుమమ్మ చెప్పినప్పటిలాగే అయింది. ఏడ్వలేదు గానీ, పెదవులు కదిలాయి, మాట బయటికి రాలేదు.

ఎక్కడుందో చూపించమంటే వేలు పెట్టి చూపించాను. ఆమె తన బొటనవేలు ఆ పేరు మీద పెట్టింది. నీళ్లలో నానిన చెయ్యి. తీసి చూస్తే వేలికి నీలంగా సిరా అంటింది. పేజీ మీద పేరు అలుక్కుపోయింది. పైన నల్లగా ఉన్న అచ్చు మీద అదే వేలు గట్టిగా రుద్దింది. దానికేమీ కాలేదు.

“ఇది అచ్చు కాదు,” అంది. “ఆనాడు గిట్లనే అంటిచ్చిన్రు నా వేలికి.”

నేను ఏదో సర్దిచెప్పబోయాను. ఆమె వినలేదు.

“మా వదిన ఒర్లితే గుట్ట మీది మేకలు దిగొస్తయి సార్. మీ డబ్బాల ఇనపడలేదా?”

అప్పుడు చెప్పాను. వినపడింది, నేనే తీసేశాను అన్నాను. ఎందుకని అడిగింది. అట్లా తీసేయాలని మాకు పెద్దసారు రాసిచ్చారు అన్నాను. నోట్లోంచి వచ్చాక ఆ మాట ఎంత నీచంగా ఉందో నాకే వినపడింది.

ఆశమ్మ నన్ను పైనుంచి కింది దాకా చూసింది. కోపం కూడా లేదు. పనికిరాని ఇటుకను పక్కన పడేసేటప్పుడు ఎవరికైనా కోపం ఎందుకుంటుంది.

“మేం కూలోళ్లం,” అంది. “ఒక్క ఇటుక ఇడిసిపెట్టినమంటే మేస్త్రీ గోడంత కూలగొట్టిస్తడు. మల్ల మేమే కడ్తం. నువ్వు గోడ కట్టలే సార్. సున్నం ఏసుకొచ్చినవ్.”

పుస్తకం నా చేతిలో పెట్టి పార అందుకుంది. మాలు ఎండిపోతోంది మరి.

రెండో ముద్రణ రాలేదు. రాదని అందరికీ తెలుసు. ప్రహ్లాద్ గారు ఇంకో గ్రాంటు మీద ఇంకో జనం గొంతు వింటున్నారు. ఆశమ్మ ఇప్పుడు ఎక్కడ ఉందో నాకు తెలియదు, ఏ స్లాబు కింద ఉందో. మక్తల్ దగ్గర పల్లెలో అనిత ఈ ఏడు మూడో తరగతి చదువుతూ ఉండాలి. ఈ రెండేళ్లూ నేను పత్రికల చుట్టూ తిరిగాను, ఎవరైనా ఇది అచ్చువేస్తారా అని. చివరికి ఒకరు ఒప్పుకున్నారు. అచ్చయ్యాక ఒక ప్రతి ఆ పల్లె బడికి పంపిస్తాను. బాగా పొడుగుంది, కొంత తీసేస్తాం అన్నారు. ఏదైనా తీసేయండి, నన్ను పూర్తిగా తీసేసినా సరే, ఒక్క వాక్యం ముట్టుకోవద్దని రాయించుకున్నాను.

ఆశమ్మ పెనిమిటి పేరు ఈరన్న. ఇది అచ్చు. తడి వేలితో రుద్ది చూసుకోవచ్చు.